పన్నెండు ఖాళీ బుట్టలు

ఆ శుక్రవారానికి స్తూరె వేసుకున్న పథకంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే ఐదింటికి లేవాలి. పడవ వేసుకుని హుల్తా చెరువులోకి వెళ్లాలి. నిన్న సాయంత్రం రాళ్ల పక్కన దించిన పన్నెండు వలబుట్టల్నీ పైకి లాగాలి. వాటిలో పడిన డెక్కరొయ్యల్ని, అంటే పీతలా డెక్కలుండే మంచినీటి రొయ్యల్ని, బకెట్లో పోసుకుని వచ్చి, వరండాలో కూర్చున్న మామగారి కాళ్ల దగ్గర పెట్టాలి. మామగారు బకెట్లోకి తొంగిచూసి "బాగుంది" అనాలి. అంతే. ఇందులో అతని చేతిలో లేనిది చివరిదొక్కటే. అది ఇరవై ఏడేళ్లుగా అతని చేతిలో లేదు.

స్మోలాండ్ పల్లెల్లో అల్లుడికి పెద్ద మర్యాదేం ఉండదు. ఉన్నా, అది మామగారు అల్గోత్ గడప దాకా ఎప్పుడూ రాలేదు. స్తూరె స్టాక్‌హోమ్‌లో పియానోలకు శ్రుతి సరిచేస్తాడు. మామగారి లెక్కలో అది, తీగలు బిగించి బతకడం. ప్రతి ఆగస్టులోనూ డెక్కరొయ్యల విందుకు భార్య ఉల్లాతో కలిసి వస్తాడు. మొదటి ఏడు అతనికి గుండిగ తోమే పని ఇచ్చారు. ఐదో ఏట చెట్లకు కాగితం లాంతర్లు కట్టనిచ్చారు. పదో ఏట, నిండిన బకెట్‌ను రేవు నుంచి వంటింటి దాకా మోసే హోదా దక్కింది. అక్కడితో ఎదుగుదల ఆగిపోయింది. బుట్టలు మాత్రం మామగారివి. వాటికి చుట్టిన వలలు ఆయన భార్య ఎడిత్ ఒక చలికాలమంతా కూర్చుని నూలుదారంతో అల్లినవి. ఆవిడ పోయి ఎనిమిదేళ్లయింది. అప్పటినుంచి ఆ బుట్టల్ని ఆయన తప్ప ఇంకొకరు ముట్టుకోలేదు.

ఈ వసంతంలో అల్గోత్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు తెడ్డు పట్టుకోవద్దన్నాడు. భోజనాల బల్ల దగ్గర ఉల్లా ఆ విషయం తేల్చేసింది.

"నాన్నా, ఈసారి బుట్టలు స్తూరె వేస్తాడు."

"ఎవరూ?"

"స్తూరె. నా మొగుడు. ఇరవై ఏడేళ్లుగా నీ ఎదురుగా కూర్చుని తింటున్నాడు చూడు, ఆయనే."

అల్గోత్ ఎదురుగా చూశాడు. నిజంగానే అక్కడ ఒక మనిషి ఉన్నాడు.

"పడవ ఎక్కడం వచ్చా?" అని కూతుర్నే అడిగాడు.

ఇంకో విషయం ఉంది. శనివారం విందులో అందరూ నెత్తిన చిన్న చిన్న కాగితం టోపీలు పెట్టుకుంటారు. రొయ్యలు పట్టినవాడికి మాత్రం మూరెడు పొడవున నీలం టోపీ, దానిమీద బంగారు నక్షత్రాలు. పట్టినవాడు బల్లకు ఆ చివర, అందరికీ కనబడేలా కూర్చుంటాడు. నలభై ఏళ్లుగా అది అల్గోత్ తలమీదే ఉంది. ఉల్లా దాన్ని అల్మారా మీంచి తీసి, దుమ్ము దులిపి, భర్త తలమీద ఒక్కసారి పెట్టి చూసింది. "కొంచెం వదులు. చెవులు ఆపుతాయిలే," అంది.

గురువారం సాయంత్రం అతను బుట్టలు దించుతున్నంతసేపూ అల్గోత్ కర్ర ఊతంతో రేవుమీదే నిలబడ్డాడు.

"బురదలో వెయ్యకు! రాయి చూసి వెయ్యి, రాయి! ఆ ఎర చేపని అలా గుచ్చుతావేంటయ్యా, చొక్కాకి గుండీ కుడుతున్నావా?"

"మీరు లోపలికెళ్లండి మామయ్యా, చలేస్తుంది."

"నాకు చలెయ్యట్లేదు. భయమేస్తోంది."

*

శుక్రవారం పొద్దున స్తూరె రేవుకు వచ్చేసరికి తెడ్లు తడిగా ఉన్నాయి. మంచు అనుకున్నాడు. పడవలో కూర్చునే పలక కూడా తడిగానే ఉంది. ఈ ఏడు మంచు జాస్తి అనుకున్నాడు. పట్నంవాడికి మంచు మీద ఉండే నమ్మకం అంతా ఇంతా కాదు.

మొదటి బుట్ట ఖాళీ. సరే, మొదటిది కదా అనుకున్నాడు. రెండోది ఖాళీ. ఐదో బుట్టలోకి చెయ్యిపెట్టి తడిమి చూశాడు. పన్నెండోది లాగాక పడవలో అలాగే కూలబడిపోయాడు. పన్నెండు బుట్టలు, పన్నెండు ఎర చేపలు. చేపలు ఒక్కటీ చెక్కుచెదరలేదు. నిన్న తాను గుచ్చినప్పటికన్నా ఇప్పుడే తాజాగా, నిటారుగా ఉన్నట్టు కూడా అనిపించింది. డెక్కరొయ్యలు తన ఎరను కనీసం వాసన చూడలేదు. ఈ సంగతి మామగారికి తెలిస్తే ఇంకో ఇరవై ఏడేళ్లు గుండిగ తోముకోవాలి. ఆ లోపు ఇద్దరిలో ఒకరు పోతారు. మామగారి ఆరోగ్యం చూస్తే అది తనే కావచ్చు.

ఇంటిల్లిపాదీ నిద్రలేవకముందే స్తూరె కారు తీసుకుని బయల్దేరాడు. ఇరవై కిలోమీటర్ల అవతల పెద్ద రోడ్డు పక్కన ఒక కొట్టుంది. అక్కడ ప్రాణమున్న డెక్కరొయ్యలు అమ్ముతారు. అరవై కొన్నాడు.

కానీ అవి మచ్చ రొయ్యలు. డెక్క మొదట్లో, వేలిగోరంత తెల్ల మచ్చ ఉంటుంది. హుల్తా చెరువు చుట్టుపక్కల మచ్చ రొయ్య పేరెత్తితే పిల్లలు కూడా మాట్లాడడం మానేస్తారు. పరాయి నీళ్లనుంచి వచ్చిన జాతి అది. దాని ఒంట్లో ఒక తెగులు ఉంటుంది. దానికేమీ కాదు, పక్కవాళ్లే చస్తారు. చుట్టూ ఉన్న మూడు చెరువుల్లో నల్ల డెక్కరొయ్య అనేది ఆ తెగులుకే తుడిచిపెట్టుకుపోయింది. హుల్తా ఒక్కటే మిగిలింది. అందుకే అక్కడ వేరే చెరువులో తడిసిన బూటు కూడా ఈ నీళ్లలో పెట్టనివ్వరు.

ఇదంతా స్తూరెకు తెలుసు. వాటిని చెరువు దరిదాపులకు కూడా తీసుకెళ్లడు. మోసం చెయ్యగలడుగాని, అంత పాపం చెయ్యలేడు. కారులోంచి నేరుగా మరిగే గుండిగలోకి, అంతే. ఉడికాక అన్నీ ఎర్రబడతాయి. మచ్చ ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు. చిక్కల్లా మధ్యలో ఉన్న ఆ పదినిమిషాలే. బకెట్ మామగారి ముందు పెట్టిన దగ్గర్నుంచి గుండిగలో పోసేదాకా.

కారు సొరుగులో ఉల్లా దాచుకున్న ఉప్పు అతిమధురం బిళ్లలున్నాయి, తారులా నల్లటివి. స్తూరె రోడ్డు పక్కన కారాపి, ఒక బిళ్ల నోట్లో వేసుకుని నానబెట్టి, తీసి, మొదటి డెక్కరొయ్య మచ్చ మీద రుద్దాడు. చక్కగా పట్టింది. అరవై రొయ్యలు, నూట ఇరవై మచ్చలు. ముప్పావు గంట పట్టింది. పియానో లోపలి చిన్న చిన్న సుత్తులకు అలవాటుపడ్డ వేళ్లు కాబట్టి పని నాజూగ్గా వచ్చింది. ఆ వేళ్లను డెక్కరొయ్యలు ఏడుసార్లు కరిచాయి.

*

అల్గోత్ వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. లాగు మోకాళ్ల దాకా తడిసి ఉంది. "గడ్డిలో మంచు," అని అప్పుడే కూతురికి చెప్పుకున్నాడు. స్తూరె బకెట్ తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

అల్గోత్ బకెట్లోకి చూశాడు. కప్పు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇవెక్కడివి?"

"చెరువులోవి మామయ్యా."

"మన చెరువువా?"

"మనదే."

"ఇవాళ పొద్దున్నా? మన చెరువులో? నువ్వు వేసిన బుట్టల్లో?"

ముసలాయన ముఖం పాలిపోయింది. పట్టలేని ఆశ్చర్యం కాబోలనుకుని స్తూరె గుండె పొంగింది. "బాగుంది" అనే మాట ఆయన గొంతు దాకా వచ్చి ఆగినట్టు తోచింది. నిజమే, ఏదో మాట గొంతు దాకా వచ్చి ఆగింది. అది వేరే మాట.

ఉల్లా వచ్చి వంగి చూసింది. "ఇంత పొడిగా ఉన్నాయేంటి?"

"తుడిచాను."

"రొయ్యల్ని తుడిచావా?"

"నీళ్లు కారితే మామయ్యకి చిరాకు కదా."

ఉల్లా భర్తను ఒక్క క్షణం చూసింది. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆమె కొన్ని ప్రశ్నలు అడగడం, కొన్ని అడక్కపోవడం నేర్చుకుంది. దీన్ని రెండో రకంలో పెట్టేసింది.

పెరట్లో గుండిగ అప్పటికే మరుగుతోంది. నీళ్లు, రాళ్లుప్పు, నల్ల బీరు, చిటికెడు చక్కెర పడ్డాయి. "పోసేద్దామా?" అన్నాడు స్తూరె, బకెట్ ఎత్తుతూ.

"సోయికూర రాలేదుగా!"

"తర్వాత వేసుకుందాంలే."

"పూతకొచ్చిన సోయికూర లేకుండా డెక్కరొయ్యలా? ఊళ్లో తలెత్తుకు తిరగాలా వద్దా? సిగ్నే వస్తుంది, దించు."

అలా ఒక గుప్పెడు ఆకుకూర కోసం ఆగారు. సిగ్నే పక్కింటావిడ. ఏటా ఆవిడ పెరటి సోయికూర ఇస్తుంది, బదులుగా డజను డెక్కరొయ్యలు పట్టుకెళుతుంది. తనవి తనే ఏరుకుంటుంది. ఇంకో సంగతి, ఆవిడ హుల్తా చెరువు సంఘానికి అధ్యక్షురాలు.

సిగ్నే వచ్చింది. కూర కట్ట ఉల్లా చేతికిచ్చి, చొక్కా చేతులు పైకి మడుచుకుని బకెట్లోంచి మంచి పుష్టిగా ఉన్నదాన్ని తీసింది. వేళ్లకు నల్లగా అంటుకుంది. నడుముకు కట్టుకున్న వంటగుడ్డకు తుడుచుకుని మళ్లీ చూసింది. నలుపు కింద తెల్ల మచ్చ. ఇంకోటి తీసింది. నలుపు, దాని కింద తెలుపు. మూడోది తియ్యలేదు.

"డెక్కల మీద నల్ల తెగులు," అంది నెమ్మదిగా. "పైగా మచ్చ జాతి. అల్గోత్ అన్నా, ఇవి మన చెరువులోవేనా?"

అల్గోత్ అల్లుడివైపు చూశాడు. అల్లుడు గుండిగవైపు చూశాడు.

"తెచ్చింది ఆయన. ఆయన్నే అడుగు," అన్నాడు అల్గోత్.

నిజం చెప్పడానికి స్తూరెకు సుమారు నాలుగు సెకన్లు దొరికాయి. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు, పియానోల ముందు కూర్చున్నప్పుడు కూడా, అతనికి ఆ నాలుగు సెకన్లే గుర్తొచ్చేవి.

"మన చెరువులోవే," అన్నాడు.

*

సిగ్నే అక్కడి ఫోన్ నుంచే జిల్లా చేపల అధికారికి ఫోన్ చేసింది. తర్వాత సంఘంలోని పదకొండు ఇళ్లకూ చేసింది. పది గంటలకల్లా చెరువు చుట్టూ ఉన్న జనమంతా తమ బుట్టలు పైకి లాగి అల్గోత్ రేవు దగ్గర కుప్పపోశారు. రేపు ఒక్క ఇంట్లోనూ విందు లేదని తేలిపోయింది. లాంతర్లు కట్టేశాం, చుట్టాలు రైలెక్కేశారు, ముప్పై మందికి సాసేజీలు పెట్టాలా అని ఒకరు గోల పెడుతున్నారు. ఎవరూ ఎవరినీ తిట్టడం లేదు. చావింటికి వచ్చినట్టు టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. స్తూరె భుజం మీద ఒక్కొక్కరూ చెయ్యివేసి, "నీ తప్పేముంది బాబూ, నీకు పడ్డాయి అంతే," అని ఓదార్చి పోతున్నారు. ఒక్కో ఓదార్పుకీ స్తూరె అంగుళం చొప్పున కుంగిపోయాడు.

అధికారి పేరు హెల్గె. సన్నగా, జలుబు చేసినవాడిలా ఉన్నాడు. కారు దిగుతూనే తన బూట్ల మీద స్పిరిట్ చల్లుకున్నాడు. తర్వాత కారు చక్రాల మీద, సిగ్నే బూట్ల మీద, ఊరుకోక దగ్గరికొచ్చిన కుక్క మీద చల్లాడు. చెరువు పటం పరిచి పెన్సిలు తీశాడు.

"ఎక్కడ పడ్డాయో చూపించండి."

స్తూరె పటంలో, ఇంటికి వీలైనంత దూరంగా ఉన్న ఒక చోట వేలు పెట్టాడు. "ఇక్కడ. రెల్లు దగ్గర."

"అక్కడంతా బురద," అన్నాడు అల్గోత్, ఉండబట్టలేక. సిగ్నే ఫోన్ ఎత్తిన దగ్గర్నుంచి ఆయన నోరు విప్పడం అదే మొదలు. "బురదలో డెక్కరొయ్య నిలవదు. దానికి రాయి కావాలి. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది."

"మచ్చ జాతి నిలుస్తుందేమో," అన్నాడు హెల్గె.

"అదీ నిలవదు."

"మరి ఎలా పడ్డాయంటారు?"

అల్గోత్ ఏదో చెప్పబోయి, అల్లుణ్ణి చూసి, కర్రను చూసుకుని, ఊరుకున్నాడు.

హెల్గె అంతా రాసుకుని నిర్ణయం చెప్పాడు. ఈ ఏడు చెరువులో వేట బందు. ఇనుప బుట్టల్నీ ప్లాస్టిక్ బుట్టల్నీ స్పిరిట్లో ముంచి ఆరబెట్టాలి. నూలు వలలవి మాత్రం కడిగినా నమ్మడానికి లేదు, తగలబెట్టాల్సిందే. నూలువి ఎవరివి?

అందరూ అల్గోత్ వైపు చూశారు. నూలువి ఆయనవే. పన్నెండూ ఎడిత్ అల్లినవే.

"కాల్చండి," అన్నాడు అల్గోత్. "చెరువు కన్నా ఎక్కువా?"

ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్ల కళ్లు చెమ్మగిల్లాయి. రేవుకు దూరంగా ఎండు కొమ్మలు పేర్చి మంట వేశారు. సిగ్నే మొదటి బుట్ట అందుకుంది. పొద్దుటి ఎండకు ఎండిన నూలు కదా, ఒక్క ఊపులో అంటుకుంది. ముడులన్నీ ఒక క్షణంపాటు ఎర్రగా, విడివిడిగా, లెక్కపెట్టేటట్టు కనిపించాయి. తర్వాత ఏమీ లేదు. రెండోది. మూడోది. అల్గోత్ బల్లమీద కూర్చుని కళ్లార్పకుండా చూస్తున్నాడు.

నాలుగో బుట్ట పడ్డాక స్తూరె ఇక ఆగలేకపోయాడు.

"ఆపండి! ఇవి చెరువులోవి కాదు. నేను కొన్నాను. రోడ్డు పక్క కొట్లో. ఆ నలుపు తెగులు కాదు, అతిమధురం బిళ్ల. నేనే పూశాను." జేబులోంచి కొట్టు రసీదు తీసి చూపించాడు. రుజువు కోసం నాలిక కూడా బయటపెట్టాడు. అది నల్లగా ఉంది.

"నా బిళ్లలా?" అంది ఉల్లా. ఆమెకు ముందు అదే తోచింది.

సిగ్నే మాత్రం కదల్లేదు. "అయితే మీ బుట్టల్లో ఎన్ని పడ్డాయి?"

"ఒక్కటీ పడలేదు. అందుకే కదా..."

"పన్నెండు బుట్టల్లో? అల్గోత్ అన్న రాళ్ల దగ్గర వేసి? ఒక్కటీ?" సిగ్నే గొంతు మారిపోయింది. "ఎర?"

"ఎర ముట్టుకోలేదండీ. వేసింది వేసినట్టే ఉంది."

పరాయి రొయ్య దొరికితే చెరువుకు జబ్బు రాబోతోందని అర్థం. పన్నెండు బుట్టల్లో ఎర ముట్టేందుకు కూడా ఒక్క ప్రాణి లేకపోతే, రావడం కాదు, వచ్చి వెళ్లిపోయిందని అర్థం. హెల్గె పటం మడిచి, టోపీ తీశాడు.

"అంతా చచ్చిపోయాయన్నమాట," అన్నాడు. "కానివ్వండి. మిగతావి త్వరగా."

నిజం చెప్పేస్తే భారం దిగుతుందని స్తూరె చిన్నప్పట్నుంచీ విన్నాడు. అది చెరువు మీదికి దిగుతుందని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నలుగురు మనుషులు కలిసి బుట్టలు అందిస్తున్నారు. ఐదు, ఆరు, ఏడు. ఉల్లా ముఖం తిప్పుకుంది. ఎనిమిది. తొమ్మిది.

పదోది సిగ్నే చేతిలో ఉండగా అల్గోత్ లేచి నిలబడ్డాడు. కర్ర తీసుకోలేదు.

"ఉన్నాయి," అన్నాడు.

"ఏంటన్నా?"

"రొయ్యలు ఉన్నాయి. బతికే ఉన్నాయి. మా నేలమాళిగలో, బంగాళాదుంపల వెనక." ఆయన ఎవరివైపూ చూడలేదు. "తెల్లారకముందే నేను పడవ మీద వెళ్లాను. ఎలా వేశాడో చూద్దామని. అంతే, చూద్దామనే. మొదటి బుట్ట లాగితే ఏడున్నాయి. రెండోదాంట్లో ఆరు. మొత్తం అరవై మూడు. నలభై ఏళ్లలో మొదటి రోజున నాకెప్పుడూ నలభై దాటలేదు."

"అయితే?"

"అయితే ఏముంది! తీసేసుకున్నాను."

"మరి ఎర చేపలు?" అన్నాడు స్తూరె, నోరు తెరుచుకుని.

"కొత్తవి గుచ్చి మళ్లీ దించాను. ఖాళీ బుట్ట నీళ్లలో వెయ్యడం నా చేతికి రాదయ్యా." కాసేపాగి, "నువ్వు గుచ్చినవి వంకరగా ఉన్నాయి," అన్నాడు.

నేలమాళిగలో, చెక్కపెట్టెలో, తడి దురదగొండి ఆకుల మధ్య అరవై మూడూ ఉన్నాయి. కాటుకలా నల్లగా, మచ్చలేకుండా, మంచి హుషారుగా. ఒకటి హెల్గె బొటనవేలు పట్టుకుని వదల్లేదు. తన ఉద్యోగ జీవితంలో ఇంత ఆరోగ్యమైన కాటు తినలేదన్నాడతను.

*

చెరువు బతికే ఉందని జనం సంతోషించారు. ఆ సంతోషం తీరాక ఒకరి తర్వాత ఒకరుగా మామా అల్లుళ్లిద్దరినీ కలిపి తిట్టారు. వాళ్లిద్దర్నీ ఎవరైనా ఒకే మాటలో కలిపి చెప్పడం అదే మొదటిసారి. హెల్గె వేట బందు ఎత్తేశాడు. కొన్న రొయ్యల్ని మాత్రం తన కళ్లముందే గుండిగలో పోయించాడు. ఇంటికి వెళ్లబోతూ అందరి బూట్ల మీదా మళ్లీ స్పిరిట్ చల్లాడు. సిగ్నే సంఘం తరఫున తీర్పు చెప్పింది. ఈ ఇంటికి ఈ ఏడు చెరువు హక్కు లేదు, ఆ అరవై మూడూ తిరిగి నీళ్లలోకి వెళ్లాల్సిందే.

సాయంత్రం స్తూరె తెడ్లు వేశాడు. అల్గోత్ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. రాళ్ల దగ్గర పడవ ఆగాక, ఒక్కొక్క రొయ్యనీ వీపు దగ్గర పట్టుకుని నీళ్లలో వదులుతున్నాడు. అవి తోక ఒక్కసారి కొట్టి వెనక్కి వెనక్కే వెళ్లిపోతున్నాయి.

"చెప్పాల్సింది మామయ్యా," అన్నాడు స్తూరె. "మొదటి బుట్ట మంటలో పడకముందే."

"నువ్వూ చెప్పాల్సింది."

"నేను నాలుగో బుట్టకి చెప్పాను."

"నేను తొమ్మిది దాకా ఆగాను," అన్నాడు అల్గోత్. "నాకన్నా నువ్వే నయం."

ఇరవయ్యో రొయ్య వెళ్లింది. ముప్పయ్యోది వెళ్లింది. చాలాసేపటికి స్తూరె అడిగాడు. "బుట్టలు మూడు మిగిలాయి కదా. వాటిని చూసి మళ్లీ అల్లుకోవచ్చేమో. ముడి ఎలా వేసేవారు అత్తయ్య?"

"తెలీదు."

"మీకూ తెలీదా?"

"ఆ చలికాలమంతా పక్కనే కూర్చున్నాను. రేడియో వింటూ." ఆయన ఇంకో రొయ్యను తీసి, వదలకుండా కాసేపు అలాగే పట్టుకున్నాడు. "ఒకసారి చూపిస్తానంది. వార్తలయ్యాక అన్నాను."

స్తూరె తెడ్డు వెయ్యడం మరిచిపోయాడు. పడవ తనంతట తానే కొంచెం పక్కకు తిరిగింది.

*

శనివారం విందు జరిగింది. రోజంతా ఉప్పునీళ్లలో, సోయికూరలో నాని చల్లారిన మచ్చ రొయ్యలు ఎర్రగా పళ్లెంలోకి వచ్చాయి. చెట్లకు చంద్రుడి ముఖమున్న కాగితం లాంతర్లు వెలిగాయి. నీలం టోపీ ఎవరు పెట్టుకోవాలన్నది తేలలేదు. అల్గోత్ దాన్ని అల్లుడివైపు జరిపాడు, అల్లుడు మామవైపు జరిపాడు. నాలుగోసారి ఉల్లా దాన్ని లాక్కుని తన తలమీద పెట్టుకుని బల్ల చివర కూర్చుంది. "ఈ ఇంట్లో నిన్న అబద్ధం ఆడనిదాన్ని నేనొక్కదాన్నే," అంది. కాదనగలవాడు అక్కడ ఎవడూ లేడు.

సిగ్నే కూడా వచ్చింది. ఆవిడ సోయికూర ఆ గుండిగలోనే ఉంది మరి. చిన్న గ్లాసుల్లో సారా పోసుకుని పాట పాడారు. తర్వాత మాటల్లేవు, జుర్రుకునే చప్పుళ్లే. అల్గోత్ మాత్రం మచ్చ జాతి తన నోట్లో పడదని ముందే చెప్పి, రొట్టె ముక్క మీద చీజ్ పెట్టుకుని కూర్చున్నాడు. ఆకలికి ఆగలేక ఒకటి తీసుకున్నాడు, చూద్దామని, అంతే, చూద్దామనే. డెక్క విరిచి, మొదట్లో పెదవి పెట్టి గట్టిగా పీల్చాడు. ఆగాడు. కళ్లు మూసుకుని ఇంకోసారి పీల్చాడు. రెండోది తీసుకున్నాడు. పదకొండోదాని దగ్గర గడ్డం తుడుచుకుని కూతురివైపు తిరిగాడు.

"ఈసారి ఉప్పులో ఏదో వేశావు ఉల్లా. డెక్క మొదట్లోనే తెలుస్తోంది. కొంచెం తీపి, కొంచెం చేదు. ఏం వేశావోగానీ... బాగుంది."

ఉల్లా నీలం టోపీ కిందినుంచి భర్తవైపు చూసింది. ఇరవై ఏడేళ్లుగా ఎదురుచూసిన మాట బల్ల మీదుగా వచ్చి తన పక్కనుంచే వెళ్లిపోవడం స్తూరె విన్నాడు. నోరు తెరిచాడు. నాలుగు సెకన్లు ఆలోచించాడు.

ఆ వారానికి ఒప్పుకోవలసినంత ఒప్పుకోవడం అయిపోయిందనుకుని, నోట్లో రొట్టె పెట్టుకున్నాడు.